ఎర్ర గుర్తు పడిన తెలుగు క్లాసు

భానుప్రియ టీచర్ కోపం గురించి మా చుట్టుపక్కల బళ్ళలో రకరకాలుగా చెప్పుకుంటారు. నోటి దురుసు అనేవాళ్ళు కొందరు, తలబిరుసు అనేవాళ్ళు ఇంకొందరు. ఆమెకు ఇచ్చిన మెమోలో అయితే ‘పై అధికారుల పట్ల అమర్యాద’ అని రాశారు. ఆ కోపం ఎక్కడ పుట్టిందో మాత్రం ఎవరూ రాయలేదు. అందుకే నేను చెబుతున్నాను. నా పేరు గుణశేఖర్. ఆమె తెలుగు చెప్పిన హైస్కూల్లోనే లెక్కలు చెబుతాను.

మా స్కూలు సత్యవేడు దాటి తమిళనాడు సరిహద్దు వైపు పోయే దారిలో ఒక పల్లెలో ఉంది. ఇక్కడి పిల్లల్లో చాలామంది ఇంట్లో అరవం మాట్లాడతారు. వీధిలో మాట్లాడేది సగం అరవం కలిసిన తెలుగు. బళ్ళోకి వచ్చేసరికి తెలుగు పుస్తకంలో ఉండే తెలుగు వేరు, మిగిలిన పుస్తకాలన్నీ ఇంగ్లీషు. ఇన్ని భాషల మధ్య ఆ పిల్లలు ఎలా నెట్టుకొస్తున్నారో ఎవరూ అడగరు. మార్కులు వస్తున్నాయి కదా అంటారు.

భానుప్రియ సొంతూరు పూతలపట్టు. అక్కడి కూడలిలో ఆమె నాయన గోవిందస్వామికి టీ అంగడి ఉండేది. చిత్తూరు నుంచి తిరుపతికి పోయే లారీలు ఆగే చోటు. గోవిందస్వామికి చదువు రాదు, కానీ పేపరు తెప్పించేవాడు. బడికి పోయే ముందు కూతురు బెంచీ మీద కూర్చుని గట్టిగా చదవాలి, డ్రైవర్లు టీ తాగుతూ వినాలి. చదివేసి లేవబోతుంటే ఆయన “అంటే ఏమంటాడమ్మా?” అని అడిగేవాడు. చెప్పలేకపోతే మళ్ళీ చదవమనేవాడు. అప్పటికీ తేలకపోతే డ్రైవర్లు తలా ఒకటి చెప్పి వాదించుకునేవాళ్ళు. ఆ వాదనల మధ్యే ఆమెకు చదవడం వచ్చింది. చదవడమంటే అందరికీ అలాగే వస్తుందని చాలా రోజులు అనుకున్నానని ఒకసారి నాతో అన్నది.

ఆమె బదిలీ మీద మా స్కూలుకు వచ్చిన ఏడాదే మండల స్థాయి పఠన పోటీలు పెట్టారు. మా ఏడో తరగతి అమ్మాయి నిస్సీకి మొదటి బహుమతి వచ్చింది. నిస్సీ చదువుతుంటే వినాలి. ఒత్తులు, పొల్లులు, దీర్ఘాలు ఏవీ తప్పవు. ఎక్కడా ఆగదు. తన ముందు పెట్టింది పద్యమైనా వార్త అయినా ఒకే వేగంతో, ఒకే గొంతుతో చివరిదాకా పోతుంది. పోటీలో న్యాయనిర్ణేతలు గడియారం చూసుకుంటూ విన్నారు. ఏం చదివావమ్మా అని ఒక్కరూ అడగలేదు. వెండి రంగు కప్పు ఒకటి చేతిలో పెట్టి ఫోటో తీశారు. ఆ ఫోటోను మా హెడ్మాస్టర్ పరంధామయ్య గారు పెద్దది చేయించి ఆఫీసు గదిలో తగిలించారు.

నిస్సీ తల్లిదండ్రులు మునస్వామి, సంతోషమ్మ. కౌలుకు తీసుకున్న మడిలో వరి పెట్టుకుంటారు, మిగతా రోజుల్లో కూలికి పోతారు. ఇంట్లో చదివే మనిషి నిస్సీ ఒక్కతే. ఆదివారం చర్చిలో వాక్యం చదవమన్నా ఆ పిల్లనే పిలుస్తారు. చదివే బిడ్డ ఇంట్లో ఉందన్న ధైర్యం ఆ మొగుడూ పెళ్ళాల మాటల్లో తెలిసేది.

ఆ ఏడు వరికి పురుగు తగిలింది. మునస్వామి మందుల అంగడి నుంచి డబ్బా తెచ్చుకున్నాడు. నీళ్ళలో ఎంత కలపాలో చూడమని, డబ్బాతో పాటు మడిచి పెట్టిన కాగితం కూతురికి ఇచ్చాడు. నిస్సీ ఎంత కలపాలో చెప్పింది. అది సరిగ్గానే చెప్పింది. మిగిలింది కూడా చదవమ్మా అంటే మొత్తం చదివింది. అందులో రెండు వాక్యాలు ఇవి: ‘మందు పిచికారీ చేసిన పొలంలోను, గట్లపైన పశువులను మేపరాదు. అక్కడి గడ్డిని మేతగా వాడరాదు.’

అంటే ఏందని తల్లి అడిగింది.

మా వైపు పిల్లలకు ‘రాదు’ అంటే ఒకటే అర్థం. బస్సు రాదు, కరెంటు రాదు, వాన రాదు. వద్దు, కూడదు అనే అర్థంలో ఆ మాటను ఇక్కడ ఎవరూ నోటితో అనరు, అది పుస్తకాల్లో ఉండే తెలుగు. మందు కొడితే గట్టు మీద మేత రాదంట, గడ్డి పనికి రాకుండా పోతాదంట అని నిస్సీ చెప్పింది. తనకు తెలిసిన తెలుగులో ఆ పిల్ల చెప్పింది తప్పు కాదు.

గడ్డి ఎండిపోతుందేమోనని సంతోషమ్మ తొందరపడింది. మునస్వామి మందు కొట్టి వచ్చిన సాయంత్రమే కొడవలి తీసుకుపోయి, ఇంకా పచ్చగా ఉండగానే గట్టు మీది గడ్డంతా కోసి మోపు కట్టి తెచ్చింది. పాలిచ్చే ఆవుకు కడుపునిండా వేసింది. తెల్లారేసరికి ఆవు నోట నురగ కారుతూ కాళ్ళు తన్నుకుంటోంది. పశువుల ఆసుపత్రి నుంచి మనిషి వచ్చేలోగా ప్రాణం పోయింది. దూరంగా కట్టేసిన దూడ బతికింది.

ఎలా జరిగిందో ఊరికి తెలియడానికి ఎంతసేపు. మందుల అంగడతనే ఆ కాగితం ఇంకొకరితో చదివించి, ఇంత స్పష్టంగా రాసుంటే కోసి వేస్తారా అన్నాడట. ఆ మాట వీధంతా పాకింది. పిల్లలు ఎంత కఠినంగా ఉండగలరో టీచర్లకు తెలుసు. ‘ఆవును చదివి చంపింది’ అని ఒకడు మొదలుపెట్టాడు, మిగిలినవాళ్ళు అందుకున్నారు. నిస్సీ బడికి రావడం మానేసింది.

మునస్వామి స్కూలుకు వచ్చిన రోజు నేను ఆఫీసు గదిలోనే ఉన్నాను. ఆయన కేకలు వేయలేదు. గోడ మీదున్న కూతురి ఫోటో కేసి కాసేపు చూశాడు. హెడ్మాస్టర్ కూర్చోమన్నా కూర్చోలేదు. భానుప్రియ టీచర్ వైపు తిరిగి అడిగాడు.

“మేడమ్, నా బిడ్డ బాగా సదువుతాదని మీరంతా కప్పు ఇచ్చినారు. ఆ కాగితం కూడా బాగానే సదివింది. నేను పక్కనే కూర్చొని ఇన్నాను, యాడా తడబడలేదు. మరి దాంట్లో ఏం రాసుండాదో ఆ బిడ్డకి ఎందుకు తెలీలేదు? అది తెలుసుకునేదానికే వచ్చినాను. కొట్లాటకి రాలేదు.”

పరంధామయ్య గారు చెడ్డమనిషి కాదు. కానీ ఏ ప్రశ్న వచ్చినా ముందు స్కూలును కాపాడుకోవాలి అనే అలవాటు ఆయనది. మీ ఇళ్ళలో అరవం మాట్లాడతారు కాబట్టి పిల్లలకు తెలుగు బలహీనంగా ఉంటుందని, చిన్నపిల్ల మాట నమ్మి విషం మందు విషయంలో అలా చేయకూడదని, ఇంట్లో పెద్దవాళ్ళు జాగ్రత్త పడాలని ఏదేదో చెప్పారు.

“మాకు సదువొచ్చుంటే మేమే సదువుకుందుము గదా సార్” అన్నాడు మునస్వామి. అంతమాత్రం అని వెళ్ళిపోయాడు.

భానుప్రియ ఆ సాయంత్రమే మందుల అంగడికి పోయి ఆ కాగితంలో ఉన్నది రాసుకొచ్చింది. మరుసటి రోజు ఏడో తరగతికి పోయి, ఎక్కడివో చెప్పకుండా ఆ రెండు వాక్యాలను బోర్డు మీద రాసింది. చదవమంటే క్లాసంతా గుక్క తిప్పుకోకుండా చదివింది. అర్థం చెప్పమంది. ఆవులు మేయవని ఒకడు, గడ్డి పెరగదని ఇంకొకడు, పశువులకు మేపడం చేతకాదని ఇంకో పిల్ల. మునిశేఖర్ అని చురుకైన పిల్లవాడు లేచి, కింద ప్రశ్న ఏమిటో చెప్పమన్నాడు. ప్రశ్న చెబితే జవాబు తీసిస్తానన్నాడు.

ఆ మాట ఆమెను పట్టుకుంది. జవాబు తీసివ్వడం. చెప్పడం కాదు, తీయడం. అప్పటికప్పుడు బోర్డు తుడిచి, నోటికొచ్చిన దొంగమాటలు కల్పించి ఇంకో వాక్యం రాసింది: ‘పింబరుడు సాయంత్రం చెరువు దగ్గర కొరజను తబికాడు.’ కింద ప్రశ్నలు. పింబరుడు ఎవరిని తబికాడు? ఎప్పుడు తబికాడు? ఎక్కడ తబికాడు?

మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఆ పేపర్ల కట్టను నా ముందు పడేసింది.

“సూడండి సార్. అందరివీ సరైన జవాబులే. పూర్తి వాక్యంలో రాసినారు, చివర చుక్క కూడా పెట్టినారు. కొరజ అంటే ఏంది టీచర్ అని ఒక్క బిడ్డ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు వాళ్ళకి. మనం ఎన్నేండ్లుగా ఇట్టా మార్కులు ఏస్తా ఉన్నాం?”

నవ్వొచ్చే విషయమే. పక్కనున్న ఒకరిద్దరు నవ్వారు కూడా. ఆమె ముఖం చూసి ఆపేశారు. నేను ఆ పేపర్లు ఒక్కొక్కటే తిరగేశాను. ప్రశ్నలో ఉన్న మాటలు పాఠంలో ఎక్కడున్నాయో వెతకడం, ఆ వాక్యాన్ని ఎత్తి కింద పెట్టడం, ఈ పని ఆ పిల్లలకు మనమే నేర్పాం. టీచర్ జవాబులు చెబుతుంది, పిల్లలు రాసుకుంటారు. అంగడిలో గైడు దొరుకుతుంది, అందులోనూ అవే జవాబులుంటాయి. పరీక్షలో అవే ప్రశ్నలు వస్తాయి. ఈ చక్రంలో ఎక్కడా పిల్లకు అర్థం కావలసిన అవసరమే రాదు. ఎవరి పిల్లలకు ఇలా చేస్తున్నాం? ఇంట్లో తప్పు దిద్దే మనిషి ఉన్న పిల్లలకు కాదు. మునస్వామి లాంటివాళ్ళ పిల్లలకు.

ఆ వారం నుంచి ఆమె జవాబులు చెప్పడం మానేసింది. గైడు క్లాసులోకి తేవద్దంది. పీరియడుకు ఒకే ఒక్క పేరా. ముందు తాను చదువుతుంది, తరవాత పిల్లలు గొంతెత్తకుండా చదువుకోవాలి, ఆ పైన పుస్తకం మూసేసి ఏం జరిగిందో సొంత మాటల్లో చెప్పాలి. అరవంలో చెప్పినా సరే, సైగలతో చెప్పినా సరే. తెలియని మాట కింద పెన్సిలుతో గీత పెట్టాలి. గీత లేని పుస్తకం చూస్తే, ఇన్ని మాటలూ నీకు తెలుసా అని కూర్చోబెట్టి అడిగేది.

మొదట్లో పిల్లలు హడలిపోయారు. తెలియదని చెబితే తిట్లు తప్ప వాళ్ళకు ఇంకేమీ అందలేదు అప్పటివరకు. తెలియదన్న పిల్లను ఆమె మెచ్చుకుంటే, ఎగతాళి చేస్తోందేమోనని భయపడ్డారు. పాఠాలు చాలక తనే చిన్న చిన్న కథలు రాసుకొచ్చేది. గ్యాస్ సిలిండర్ మీది జాగ్రత్తలు, రేషన్ అంగడి ప్రకటన, జ్వరం మాత్రల అట్ట, ఇంటికి ఏ కాగితం వస్తుందో అదంతా క్లాసుకు వచ్చింది.

ఒక రోజు నా క్లాసు పక్క గదిలోనే కాబట్టి అక్కడి గోల వినబడి వెళ్ళి నిలబడ్డాను. బోర్డు మీద పులికాట్ సరస్సు దగ్గరి జాలరి కథ ఉంది. ‘గాలి మళ్ళింది. మునిప్రసాద్ ఆకాశం కేసి చూశాడు. వల సగం కూడా తీయకుండానే పడవను ఒడ్డుకు తిప్పాడు. ఇంటి దగ్గర రాఘవమ్మ పొయ్యి మీది ఎసరు దించేసి బయటికి వచ్చింది.’ ఇంతే కథ. మునిప్రసాద్ పడవ ఎందుకు తిప్పాడు, రాఘవమ్మ ఎసరు ఎందుకు దించింది అని ఆమె ప్రశ్నలు.

జవాబు పుస్తకంలో యాడుండాది టీచర్ అని మునిశేఖర్ అడుగుతున్నాడు. పుస్తకంలో లేదు, నీ తలకాయలో ఉండాది అని ఆమె అంటోంది. చేపలు పడలేదు కాబట్టి కూర ఉండదని ఎసరు దించిందని ఒకడన్నాడు. కూర లేకపోయినా అన్నం వండుకోవచ్చు కదా అని వెనక బెంచీ నుంచి ఒక పిల్ల. ఆమెకు చేపలు పడలేదని ఇంట్లో ఉండి ఎలా తెలుస్తుంది అని ఇంకొకడు. గాలి ఇంటి దగ్గర కూడా మళ్ళుంటుంది, మొగుడు నీళ్ళలో ఉన్నాడని భయపడి ఒడ్డుకు పరిగెత్తుంటుంది అని అప్పటిదాకా నోరు విప్పని ఒక పిల్ల చెప్పింది. ఆ పిల్ల మేనమామ పులికాట్ ఒడ్డున ఉంటాడట. రాయని సంగతి రాసినదాంట్లోంచే తెలుసుకోవచ్చని ఆ పిల్లలకు మొదటిసారి తెలిసింది. భానుప్రియ ఆ మాటను ఆ పిల్లతో అందరికీ వినబడేలా మళ్ళీ చెప్పించింది. ఆమె సంతోషంగా ఉండటం నేను ఆ ఏడాదిలో చూసిన కొద్ది సందర్భాల్లో అదొకటి.

అప్పటికి నిస్సీ ఇంకా రాలేదు. తల్లితో కూలికి పోతోందని తెలిసింది. ఒక ఆదివారం చర్చి అయ్యాక భానుప్రియ వాళ్ళింటికి పోయింది, నన్నూ తోడు రమ్మంది. సంతోషమ్మ చాప వేసి కూర్చోబెట్టింది. పిల్ల పుస్తకం ముట్టుకోనంటోందని, చర్చిలో వాక్యం చదవమన్నా తల దించుకుని కూర్చుంటోందని చెప్పింది. నిస్సీ తలుపు వెనక నిలబడి వింటోంది. భానుప్రియ ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

“రాదు అనే మాటకి రెండు అర్థాలుండాయని నీకు ఎవురూ చెప్పలేదు. చెప్పాల్సినోళ్ళం మేము. నువ్వు ఎంత బిరబిరా సదువుతావో సూసుకుని మురిసిపోయి, కప్పు చేతిలో పెట్టి పంపించేసినాం. తప్పు నీది కాదమ్మా. ఎవురన్నా నీదే అంటే, మా టీచర్ని అడగండి అని చెప్పు.”

నిస్సీ చాప అంచు పీకుతూ కూర్చుంది. చివరికి “మా నాయన నన్ను ఒక్క మాట కూడా అన్లేదు టీచర్” అన్నది. అని ఏడ్చింది. తిట్టి ఉంటే తట్టుకునేదేమో.

సోమవారం కాదు గాని, ఆ వారంలోనే ఆ పిల్ల బడికి వచ్చింది. వెనక బెంచీలో కూర్చుంది. ‘చదివి చంపింది’ అన్నవాణ్ణి భానుప్రియ కొట్టలేదు. బోర్డు మీద ఆ రెండు వాక్యాలు మళ్ళీ రాసి, మొదటి రోజు వాడు చెప్పిన అర్థమేమిటో వాడితోనే చెప్పించింది. క్లాసులో ప్రతివాడూ ఆ రోజు చెప్పిన అర్థం చెప్పించి, అసలు అర్థం పక్కన రాసింది. అందరూ ఆవును చంపేవాళ్ళే అని తేలింది. ఆ తరవాత ఆ మాట మళ్ళీ వినబడలేదు.

ఇక అర్ధ సంవత్సర పరీక్షలు వచ్చాయి. పాఠాలు వెనకబడ్డాయని పరంధామయ్య గారు ముందు నుంచీ హెచ్చరిస్తూనే ఉన్నారు. పై నుంచి వచ్చిన ప్రశ్నపత్రంలో ఎప్పటిలాగే పుస్తకంలోని ప్రశ్నలే. బట్టీ పెట్టని పిల్లలు సొంత మాటల్లో రాశారు. తప్పులతో, అరవం మాటలతో, కానీ వాళ్ళదైన తలకాయతో. మార్కులు పడిపోయాయి. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి తగిలింది. ప్రతి పిల్లా నిమిషానికి ఎన్ని మాటలు చదువుతుందో ట్యాబులో ఎక్కించే తనిఖీ జరిగింది. గడగడా చదివితే పేరు పక్కన పచ్చ గుర్తు, మధ్యలో ఆగితే పసుపు, ఎక్కువ ఆగితే ఎరుపు. మా పిల్లలు ఇప్పుడు తెలియని మాట దగ్గర ఆగుతున్నారు. వెనక్కి పోయి వాక్యం మళ్ళీ చదువుతున్నారు. మండలంలో మా ఏడో తరగతి ఒక్కటే ఎర్రగా మిగిలింది. అందులో నిస్సీ పేరు కూడా ఎరుపే.

మండలంలోని తెలుగు, లెక్కల టీచర్లందరినీ పిలిచి సమీక్ష పెట్టారు. నేను స్కూలు తరఫున లెక్కల మార్కులు చూపించడానికి పోయాను. వచ్చిన అధికారి బాలసుబ్రమణ్యం గారు తెర మీద రంగుల పట్టిక వేసి, మా స్కూలు దగ్గర ఆపారు. పోయినేడు పచ్చలో ఉన్న పిల్లలు ఈ ఏడు ఎరుపులోకి ఎలా వచ్చారని అడిగారు. కప్పు గెలిచిన పిల్ల పేరు చదివి, ఈ అమ్మాయి కూడా చదవడం మరిచిపోయేలా చేశారే, ఏం చెబుతున్నారమ్మా క్లాసులో అన్నారు. హాల్లో నవ్వులు.

భానుప్రియ లేచి ఆవు సంగతి చెప్పింది. నెమ్మదిగానే చెప్పింది. కాగితంలో ఏముందో, పిల్ల ఏమనుకుందో, తండ్రి వచ్చి ఏమడిగాడో అంతా చెప్పింది. పింబరుడి వాక్యం కూడా చెప్పింది. ముందు వరసలో ఎవరో, ఆవు పోతే పశువుల డాక్టరుకు చెప్పాలి గాని తెలుగు టీచరుకెందుకు అన్నారు. ఆయన చెప్పినదానికి అధికారి కూడా చిన్నగా నవ్వారు. నవ్వి, అవన్నీ సరేనమ్మా, నేను పైకి ఈ రంగులే చూపించాలి, కథలు చూపించలేను అన్నారు.

అప్పుడు ఆమె గొంతు మారింది.

“నవ్వండి సార్. మీ బిడ్డలు కాదు గదా. మీ బిడ్డకి అర్థం కాకపోతే ఇంట్లో మీరుండారు, ట్యూషనుండాది. ఈ బిడ్డలకి నేను తప్ప ఎవురూ లేరు. ఆ ట్యాబు ఎవురాగినారో లెక్క పెడతాది, ఎందుకాగినారో లెక్క పెట్టదు. నా పిల్లోళ్ళు ఆలోచించేదానికి ఆగినారు. దానికి ఎర్ర గుర్తు ఏస్తే ఏసుకోండి. నేను పచ్చ చేసి ఇయ్యను.”

హాల్లో ఒక్కరు కూడా ఆమెకు వంత పాడలేదు. బయటికొచ్చాక మాత్రం ఇద్దరు ముగ్గురు టీచర్లు చాటుగా వచ్చి, బాగా చెప్పినావమ్మా అన్నారు. అది విని ఆమె కోపం ఇంకా పెరిగింది. లోపల అనాల్సిన మాట బయట నాకెందుకు అని వాళ్ళ ముఖం మీదే అనేసింది.

మెమో వచ్చింది. ఆమె సమాధానం రాసి పంపింది. దానికి తిరుగు జవాబు రాలేదు, ఈ రోజుకీ రాలేదు. సంక్రాంతి సెలవులయ్యాక మాత్రం, పులికాట్ ఒడ్డున ఒక బడిలో తెలుగు టీచర్ లేరని ఆమెను సర్దుబాటు పేరుతో అక్కడికి పంపారు. విద్యా సంవత్సరం మధ్యలో, పిల్లలకు అప్పుడే ఊపు వస్తున్నప్పుడు. మునస్వామి, ఇంకొందరు తల్లిదండ్రులు వచ్చి ఆమెను ఉంచమని పరంధామయ్య గారిని బతిమాలారు. ఆయన చేతిలో లేదన్నారు. నిజంగానే ఆయన చేతిలో లేదు. ఎవరి చేతిలో ఉందో కూడా ఎవరూ చెప్పలేదు.

ఆమె స్థానంలో ధర్మేంద్ర అని కుర్ర టీచర్ వచ్చాడు. మంచివాడు, కష్టపడతాడు. వచ్చీ రాగానే వెనకబడిన పాఠాలను పట్టాలెక్కించాలని ప్రశ్నలు, జవాబులు రాయించడం మొదలుపెట్టాడు. రెండో రోజే స్టాఫ్ రూముకు వచ్చి తల పట్టుకున్నాడు.

“ఆ మేడమ్ ఏం నేర్పించి పోయినారు సార్ వీళ్ళకి? రాసుకోండి అంటే పెన్నెత్తరు. ఈ మాటకి అర్థమేంది సార్ అని ఒకరు, ఆయన అట్టా ఎందుకు చేసినాడు సార్ అని ఇంకొకరు. ఆ వెనక బెంచీ పిల్ల, నిస్సీ, నాకర్థం కాలేదు సార్ అని మొహం మిందే చెప్తాది. ఒక జవాబు రాయించేలోగా పీరియడ్ అయిపోతా ఉండాది.”

కొన్నాళ్ళు కసిరాడు. పిల్లలు కసురుకు భయపడ్డారు గాని అడగడం ఆపలేదు. వాళ్ళు అడిగినదానికి చెప్పలేక ఒకటి రెండు సార్లు తడబడ్డాడు కూడా. ఆ తరవాత గమనించాను, క్లాసుకు పోయే ముందు ధర్మేంద్ర పాఠం తీసి పెన్సిలుతో గీతలు పెట్టుకుంటున్నాడు, పక్కన నిఘంటువు ఉంది. విసుక్కుంటూనే పెట్టుకుంటున్నాడు. జవాబులు రాయించడం పూర్తిగా మానలేదు, కానీ రాయించే ముందు పేరా చదివి మాట్లాడుతున్నాడు.

మునస్వామి ఒక రోజు బస్టాపులో కలిశాడు. ఇప్పుడు ఇంట్లో ఏ కాగితమొచ్చినా బిడ్డ చదివి వెంటనే చెప్పదని, దీంట్లో ఈ మాట నాకు తెలియదు నాయనా, టీచర్ని అడిగి చెప్తాను అంటుందని చెప్పాడు. అలా చెప్పేటప్పుడు ఆయనకు కూతురి మీద మళ్ళీ ధైర్యం వచ్చినట్టు అనిపించింది.

ఇవన్నీ భానుప్రియకు ఫోను చేసి చెప్పాను, సంతోషిస్తుందని. ధర్మేంద్ర గీతలు పెట్టుకుంటున్న సంగతి నాతో మళ్ళీ చెప్పించుకుంది. మంచిదే అంది. వెంటనే అక్కడి బడి సంగతి ఎత్తుకుంది. జాలర్ల పిల్లలు. తుపాను హెచ్చరికలు సెల్‌ఫోనుకు వస్తాయట, పిల్లలే గట్టిగా చదివి పెద్దవాళ్ళకు వినిపిస్తారట, ‘వేటకు వెళ్ళరాదు’ అని ఉంటుందట. ఆ మాటకు అర్థమేమిటో ఎనిమిదో తరగతిని అడిగితే, సగం మందికి తెలియలేదట.

“ఆడ ఆవు పోయింది సార్. ఈడ మనుషులు పోతారు. ఇది నేను ఎవురికి చెప్పాల?”

ఆమె గొంతులో ఆ కోపం ఇంకా అలాగే ఉంది. తగ్గాలని నేనూ కోరుకోలేదు. క్లాసుకు టైమవుతోందని ఫోను పెట్టేసింది. వెనక పిల్లల గోల వినబడింది.